హాలు మూలకు పాత సామాను: ఇంట్లోంచి తీసేవి, కొనేవి, వద్దనుకునేవి

మాది హనుమకొండలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. హాల్లో బాల్కనీ తలుపు పక్కన ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పుతో ఒక మూల ఉంది. ఏడేళ్లపాటు అది చెప్పుల స్టాండుకు, పాత పేపర్ల కట్టలకు, ఎండాకాలం పోయాక బట్ట కప్పిన కూలర్‌కు చోటయింది. సాయంత్రం కాసేపు కూర్చుని చాయ్ తాగడానికి ఇంట్లో తీరైన జాగా లేదని నాకు ఎప్పుడూ వెలితిగా ఉండేది. రెండేళ్ల కిందట ఆ మూల ఖాళీ చేసి, పాత వస్తువులతో సర్దడం మొదలుపెట్టాను.

మొదలుపెట్టాక అర్థమైంది, 'పాత వస్తువు' అన్న ఒక్క మాట కింద నాలుగు రకాల సరుకు నడుస్తోందని. మన ఇంట్లోనే అటక మీద పడి ఉన్నది ఒకటి. పాత సామాన్ల దుకాణాల్లో, ఇళ్లు కూల్చే చోట, డీలర్ల దగ్గర దొరికే అసలైన పాతది ఇంకొకటి. పెంబర్తి, చేర్యాల, నిర్మల్, కొత్తవాడల్లో ఈరోజుకీ పాత పద్ధతిలోనే చేస్తున్న కొత్తది మూడోది. ఇక నాలుగోది, ఫ్యాక్టరీలో తయారుచేసి, పైన నల్లటి పూత రుద్ది 'యాంటిక్ ఫినిష్' అని అమ్మేది.

నా మాట ముందే చెప్పేస్తాను. బరువు మోసే చెక్క సామాను పాతదే తీసుకోండి. నేల మీద పరిచేది, గోడకు తగిలించేది మన దగ్గరి పనివాళ్లు చేసిన కొత్తది కొనండి. ఇత్తడి కోసం ముందు ఇంట్లో వెతకండి, లేకపోతే పెంబర్తి వెళ్లండి. యాంటిక్ ఫినిష్ జోలికి పోవద్దు. ఎందుకో ఒక్కొక్కటే చెప్తాను. చెక్క గురించి ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మోసపోయేదీ అక్కడే, మంచి వస్తువును చేతులారా పాడుచేసుకునేదీ అక్కడే.

ముందు అటక మీద చూడండి

మా అమ్మ పెళ్లికి సారెగా వచ్చిన గంగాళం, కాగు, రెండు బిందెలు స్టీలు సామాన్ల ఆయన గల్లీలోకి వచ్చినప్పుడు తూకానికి వెళ్లిపోయాయి. బదులుగా ఆరు కంచాలు, ఒక డబ్బాల సెట్టు వచ్చాయి. ఆ రోజుల్లో ప్రతి ఇంట్లో జరిగిందే ఇది. బావి దగ్గర కూర్చుని చింతపండు, బూడిద వేసి ఇత్తడి తోమిన చేతులకు స్టీలు ఎంత హాయిగా అనిపించిందో నాకు తెలుసు, అమ్మను తప్పుపట్టను. కానీ పరకాల దగ్గర మా ఊరి ఇంట్లో ఒక్క బిందె ఎలాగో మిగిలిపోయింది. దాని మెడ చుట్టూ చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలున్నాయి. మా నానమ్మ పేరు, ఊరి పేరు, 1958. కొట్టినాయనకు చోటు చాలక చివరి రెండు అక్షరాలు ఇరుకైపోయి, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు ఉంటాయి. వేలు పెట్టి రుద్దితే ఆ గుంటలు ఇప్పటికీ తగులుతాయి. ఎన్ని వేలు పెట్టినా ఏ దుకాణంలోనూ ఇది దొరకదు.

అందుకే రూపాయి ఖర్చు పెట్టేముందు ఒకసారి ఊరికి వెళ్లిరండి. సందుగ, గడంచె, పీటలు, ఆరాం కుర్చీ, కందిలి, తక్కెడ, మానిక, సోల, కవ్వం, ఇసుర్రాయి అని పేరుపేరునా అడగండి. 'పాత సామాను ఏమన్నా ఉందా' అని అడిగితే ఏమీ లేదంటారు, ఎందుకంటే వాళ్ల లెక్కలో అది సామాను కాదు. దొరికిన వస్తువు ఎవరిది, ఎక్కడ చేయించారు, ఎవరి పెళ్లికి వచ్చింది అని పెద్దవాళ్లను అడిగి ఒక కాగితం మీద రాసి ఆ వస్తువు లోపలే పెట్టండి. మా నానమ్మ ఉన్నప్పుడు నేను ఆ పని చేయలేదు. ఇప్పుడు ఆ బిందె ఎవరు చేశారో చెప్పేవాళ్లు లేరు. ఇంకో మాట, తెచ్చుకునే ముందు అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు అందరికీ ఫోన్ చేయండి. పదేళ్లు ఎవరికీ పట్టని పీట, ఒకరు తీసుకెళ్లాకే అందరికీ గుర్తొస్తుంది.

మా పెదనాన్న ఆజంజాహి మిల్లులో పనిచేశాడు. 1934లో మొదలై, వరంగల్లో వేలమందికి అన్నం పెట్టి, చివరికి మూతపడిన మిల్లు అది. ఆయన దాచుకున్న మూడు చెక్క బాబిన్లు ఇప్పుడు మా కిటికీ గట్టు మీద ఉన్నాయి. దారం రాసుకుని రాసుకుని వాటి నడుములు అద్దంలా నున్నబడ్డాయి. ఏ లెక్కన చూసినా అవి యాంటిక్ కావు. మా మూలలో అన్నిటికంటే ముందు వచ్చినవాళ్ల చేయి వెళ్లేది మాత్రం వాటి మీదికే.

చెక్క: పాత సందుగ, కొత్త టీపాయ్

సందుగ అంటే పూర్వం బట్టలు, దస్తావేజులు దాచుకున్న చెక్క పెట్టె. మాది మూడడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు. తెచ్చినప్పుడు పైన ఆకుపచ్చ ఎనామిల్, అది లేచిన చోట నీలం, దాని కింద ఎర్రమన్ను లాంటి రంగు. మూత తెరిస్తే ఎండిన వేపాకు వాసన. తెల్లరంగు వేయించి, పైన గాజు పలక పెట్టి టీపాయ్ చేద్దామనుకున్నాను. మట్టెవాడలో పాత చెక్కపని చేసే పెద్దాయన ఒకరున్నారు. ఆయన మూత అంచున గాజుపెంకుతో రెండంగుళాలు గీకి, ఉమ్మి తడిచేసి వేలితో రుద్దాడు. లోపల తేనెరంగు తేలింది.

"గిది చేవ గల్ల టేకు బిడ్డా. నీ మనుమలు గూడ దీని మీద కూసుంటరు. మల్ల రంగెందుకు?" అన్నాడు.

"మరేం చేయాలె కాకా?"

"రంగు తీసుడు, నూనె పెట్టుడు. గంతే."

ఆ మాటతో నా ఆలోచన మారింది. చేవ అంటే చెట్టు నడుమ గట్టిపడిన ముదురు భాగం. టేకులో చెదకు లొంగనిది అదే. చుట్టూ ఉండే తెల్లకట్టెను పురుగు సులువుగా తింటుంది. ఏటూరునాగారం, ఆదిలాబాద్ అడవుల్లో పెరిగిన పెద్ద చెట్ల చేవతో మన పాత ఇళ్ల దర్వాజలు, దూలాలు, సందుగలు చేశారు. ఇవాళ షోరూమ్‌లో అదే ధరకు వచ్చే టీపాయ్‌లో చాలాసార్లు పైన పల్చటి టేకు పొర, లోపల పొట్టు అట్ట (పార్టికల్ బోర్డు) ఉంటుంది. ఒకసారి నీళ్లు ఒలికి ఉబ్బితే దాన్ని బాగుచేసే వడ్రంగి లేడు. పాత సందుగ మూల ఊడితే మాత్రం ఎవరైనా బిగిస్తారు. చెక్క విషయంలో నేను పాతవైపు మొగ్గడానికి అందం కంటే ముందు ఇదే కారణం.

రంగు తీసేటప్పుడు ఒక విషయం దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. కాబట్టి పొడిగా గరుకు కాగితం పట్టి దుమ్ము లేపొద్దు. తడిచేసి గీకాలి, ఆరుబయట చేయాలి, మంచి మాస్కు పెట్టుకోవాలి, పిల్లలను, గర్భిణులను ఆ దరిదాపులకు రానివ్వొద్దు. గీకిన పొట్టును కాగితంలో పోగేసి తీసేయాలి, కాల్చకూడదు.

పాలిష్‌లోనూ ఎంపిక ఉంది. మెలమైన్, పీయూ పాలిష్‌లు గట్టి పొరలా నిలుస్తాయి, నీళ్లకు తట్టుకుంటాయి. కానీ పాత చెక్క మీద ప్లాస్టిక్ కప్పినట్టు మెరుస్తాయి, గీత పడితే మొత్తం గీకి మళ్లీ వేయాలి. లక్కను స్పిరిట్‌లో కరిగించి చేసే పాలిష్ అందంగా ఉంటుంది, అయితే వేడి చాయ్ గ్లాసు పెడితే తెల్లటి చక్రం పడుతుంది. అవిసె నూనె పెట్టి, ఆరాక తేనెమైనం రుద్దితే మెరుపు తక్కువ, లోతు ఎక్కువ. ఏడాదికోసారి మనమే మళ్లీ నూనె పెట్టుకోవచ్చు. నేను ఇదే చేయించాను. ఒక జాగ్రత్త చెప్పాలి: అవిసె నూనె పట్టించిన గుడ్డలను ముద్దలా చుట్టి మూలన పడేయొద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. దండెం మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పడేయండి.

కొనేటప్పుడు వస్తువును తిరగేసి చూడండి

ఇంట్లో దొరకలేదు, బయట పాత కుర్చీయో బల్లో కొనాలి. వరంగల్లో పాత ఇళ్లు కూల్చేవాళ్ల దగ్గర దర్వాజలు, స్తంభాలు, కిటికీలు దొరుకుతాయి. హైదరాబాద్‌లో గురువారం నడిచే జుమ్మేరాత్ బజార్‌లో ఓపిగ్గా వెతికితే చిన్న వస్తువులు తగులుతాయి. ఎక్కడ కొన్నా ముందువైపు చూసి మురిసిపోవద్దు. తిరగేసి అడుగు చూడండి, సొరుగు లాగి వెనక చూడండి. పాత పనిలో కనిపించని వైపు చిత్రిక పట్టకుండా గరుకుగా వదిలేస్తారు. చేతి రంపం గీతలు నిటారుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. గుండ్రటి మిషన్ రంపం గీతలు విల్లులా వంపు తిరుగుతాయి. వెనక ప్లైవుడ్ ఉంటే, తలమీద ప్లస్ గుర్తున్న స్క్రూలుంటే 'వందేళ్ల నాటిది' అన్న మాట నిలవదు. ఆ రకం స్క్రూలు 1930లలోనే వాడకంలోకి వచ్చాయి. కాళ్ల జాయింట్లలో మేకులు కాకుండా, తొలిచిన బెజ్జంలో కుసి (చెక్క చివర సన్నగా చెక్కిన భాగం) దిగ్గొట్టి చెక్క చీలతో బిగించి ఉంటే పనివాడు తెలిసినవాడని అర్థం.

అరుగుదల ఎక్కడ ఉందో చూడండి. నిజంగా వాడిన కుర్చీ చేతుల చివర, ముందు కాళ్ల మధ్య పట్టీ మీద, వీపు ఆనే చోట అరుగుతుంది. గొలుసుతో కొట్టి, యాసిడ్ పోసి పాతగా చేసిందైతే అన్ని వైపులా ఒకేలా గాయాలుంటాయి. పాత గుండ్రటి బల్ల దొరికితే టేపుతో రెండు వైపులా కొలవండి. చెక్క ఏళ్ల తరబడి అడ్డంగా కుదించుకుపోతుంది, నిలువునా దాదాపు అలాగే ఉంటుంది. కాబట్టి నిజంగా పాతదైతే గుండ్రం కాస్త కోలగా మారి, రెండు కొలతలకూ కొంచెం తేడా వస్తుంది.

ఇంటికి తెచ్చాక నేరుగా హాల్లో పెట్టొద్దు. బాల్కనీలో కింద నల్ల కాగితం పరిచి దాని మీద పెట్టి రెండు వారాలు వదిలేయండి. పుప్పి పురుగు లోపల బతికి ఉంటే తెల్లటి మెత్తటి పొడి కాగితం మీద రాలుతుంది. రాలకపోతే ఆ చిల్లులు ఎప్పటివో. రాలితే చిల్లుల్లోకి సూదితో పురుగుమందు ఎక్కించి, మైనంతో మూసి, మళ్లీ రెండు వారాలు చూడాలి. మా ఆరాం కుర్చీ రెండోసారి పాసైంది. ఈ ఓపిక లేకపోతే పాత చెక్క కొనకండి. ఒక్క కుర్చీ నుంచి ఇంట్లోని తలుపుల దాకా పాకుతుంది.

ఇక్కడి ఎండల గురించి కూడా ఆలోచించాలి. మే నెలలో మన దగ్గర గాలి ఎండి పగిలిపోయినట్టుంటుంది. కూలర్ వేయగానే గదిలో తేమ పెరుగుతుంది, ఆపగానే పడిపోతుంది. రోజూ ఉబ్బి, రోజూ కుదించుకుపోతే ఎంత చేవ చెక్క అయినా పలకల మధ్య చీలుతుంది. కూలర్ గాలికి ఎదురుగా, పడమటి ఎండ పడే చోట పాత చెక్క పెట్టొద్దు. నేను మూల కోసం కూలర్‌నే రెండో కిటికీకి మార్చాను.

కూర్చోవడానికి ఏది?

ఆరాం కుర్చీ చూడ్డానికి రాజసంగా ఉంటుంది. చేతులు బారుగా, వీపు వాలుగా, మధ్యలో పేము అల్లిక. కాళ్లు చాపుకుని పుస్తకం చదవడానికి దాన్ని మించింది లేదు. కానీ మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు ఉంటే ముందు కూర్చోబెట్టి, లేచి చూడమనండి. పాత ఆరాం కుర్చీలు చాలావరకు కిందికి, లోతుకు ఉంటాయి. పదహారు, పద్దెనిమిది అంగుళాల ఎత్తున్న నిటారు చేతుల కుర్చీ వాళ్లకు నయం. మా నాన్న ఆరాం కుర్చీలో కూర్చున్నాక లేపడానికి ఎవరో ఒకరు చేయి అందించాల్సి వచ్చేది, అది ఆయనకు చిన్నతనంగా ఉండేది. అందుకే పక్కన అలాంటి నిటారు కుర్చీ ఇంకొకటి చేరింది. పేము తెగిపోతే ప్లాస్టిక్ వైరుతో అల్లించుకోవద్దు. పేముతో అల్లేవాళ్లు ఇంకా ఉన్నారు, ఖర్చు కాస్త ఎక్కువైనా చెమట పట్టని వీపుకు ఆ తేడా తెలుస్తుంది.

నులక మంచం కూడా మంచిదే, కానీ ఐదడుగుల మూలలో ఇమడదు. ఉయ్యాల బల్ల అడగకండి, స్లాబులో ముందే కొక్కెం వేయించుకోని ఫ్లాటులో అది ప్రమాదం.

ఇత్తడి: ఇంటి బిందె, పెంబర్తి పని, బజారు మెరుపు

పెంబర్తి జనగామ దాటి హైదరాబాద్ వైపు వెళ్లే దారిలోనే ఉంటుంది. ఇక్కడి పని పోత పని కాదు. ఇత్తడి రేకును వేడిచేసి, మెత్తబరిచి, లక్క పరుపు మీద పెట్టి, చిన్న ఉలితో లోపలి నుంచి, పైనుంచి కొట్టి బొమ్మ తేలుస్తారు. కాకతీయుల కాలంలో గుళ్లకు, రథాలకు తొడుగులు చేసిన పని అని చెప్పుకుంటారు. నిజాం కాలంలో పాన్‌దాన్లు, అత్తరుదాన్లు చేశారు. ఇప్పుడు దీనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. పోత వస్తువుతో పోలిస్తే రేకుపని తేలిక, వెనకవైపు బొమ్మ గుంటలుగా కనిపిస్తుంది. ఆ వెనకవైపే చూసి కొనండి. అచ్చులో నొక్కిన బజారు పళ్లెంలో పువ్వు రేకులన్నీ ఒకేలా ఉంటాయి. చేతిపనిలో రెండు రేకులు ఒకేలా ఉండవు.

మరి పాత ఇత్తడా, కొత్త పెంబర్తా? గోడ మీద పళ్లెంకైతే పెంబర్తి, నేల మీద కుండీలా వాడే పాత్రకైతే పాతది. పాత బిందెలు, గంగాళాలు దళసరిగా ఉంటాయి, మొక్క బరువు మోస్తాయి. మొక్కను నేరుగా నాటకండి, మట్టి తేమకు ఇత్తడి తినేసుకుపోతుంది. ప్లాస్టిక్ కుండీని లోపల దించండి. బయట పాత ఇత్తడి కొనేటప్పుడు జేబులో అయస్కాంతం పెట్టుకెళ్లండి. అంటుకుంటే అది ఇనుము మీద పూత. పచ్చటి కిలుము గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంటే అది మొన్నమొన్న మందు పెట్టి తెప్పించింది. ఏళ్లనాటి ఇత్తడి రంగు గోధుమగా, లోతుగా, రుద్దినా రాకుండా ఉంటుంది. ఆ రంగునే పోగొట్టుకోవద్దు. పూజ చెంబులు చింతపండుతో తోమినట్టు అలంకరణ ఇత్తడిని తోమితే పేర్ల చుక్కలు కూడా అరిగిపోతాయి. పొడి మెత్తటి గుడ్డ చాలు.

ఆదిలాబాద్ వైపు ఓజ పనివాళ్లు మైనపు అచ్చు కరిగించి పోసే డోక్రా బొమ్మలు వేరే రకం. గరుకుగా, బరువుగా, ఒక్కటే చాలన్నట్టు ఉంటాయి. పెంబర్తి పళ్లెం పక్కన డోక్రా పెడితే రెండూ కొట్టుకుంటాయి. ఏదో ఒకటి ఎంచుకోండి. కరీంనగర్ వెండి తీగపని చాలా అందమైనదే, కానీ గాలికి నల్లబడుతుంది, అద్దాల పెట్టె లేకుండా మూలలో పెట్టేది కాదు.

గోడ, నేల

గోడకు నాకు మూడు దారులు కనిపించాయి. చేర్యాల నకాషీ బొమ్మ, నిర్మల్ పెయింటింగ్, ఇంట్లోని పాత ఫొటోలు. చేర్యాల బొమ్మ ఖాదీ గుడ్డ మీద వేస్తారు. చింతగింజల గంజి, సుద్ద కలిపి గుడ్డకు పూతలు పూసి ఆరబెట్టి, దాని మీద ఎర్రటి నేలలో గీస్తారు. కథలు చెప్పేవాళ్లు ఊరూరా తీసుకెళ్లి విప్పిన పటాలకు వారసులు ఇవి. నిర్మల్ బొమ్మలో ముదురు నేల మీద బంగారు రంగు మెరుస్తుంది, దూరం నుంచి బాగుంటుంది. మూల చిన్నది, మనిషి దగ్గరగా కూర్చుంటాడు. దగ్గరగా కూర్చునేవాడికి చేర్యాల పటం ఎక్కువ ఇస్తుంది. కల్లుగీత, వరినాట్లు, పెళ్లి ఊరేగింపు, ఒక్కో మనిషి కన్ను బాదం గింజలా. రోజూ చూస్తున్నా మా పటంలో మొన్ననే ఒక మూల కుక్కపిల్లను కనుక్కున్నాను. చేర్యాల జనగామ నుంచి సిద్దిపేట వెళ్లే దారిలోనే ఉంది, వెళ్లి గీసేవాళ్ల దగ్గరే కొనండి. చింతగింజల గంజి అంటే పురుగుకు, బూజుకు తిండి. కాబట్టి అద్దం ఫ్రేములో, గుడ్డ అద్దానికి తగలకుండా సందు వదిలి కట్టించండి. బయటి గోడకు, వానకు చెమ్మ పట్టే గోడకు వద్దు.

పాత ఫొటోలు పెట్టాలనుకుంటే అసలు ఫొటోను స్కాన్ చేయించి నకలును పాత ఫ్రేములో పెట్టండి. ఎండకు వెలిసిపోయిన తాత ముఖం మళ్లీ రాదు.

నేల మీదికి నాకు రెండో ఆలోచన రాలేదు. వరంగల్లో ఉండి కొత్తవాడ షత్రంజీ (నూలు జంపఖానా) కాకుండా ఇంకోటి ఎందుకు పరుస్తాం? మన ఊరి తివాచీ 1851లో లండన్ ప్రదర్శన దాకా వెళ్లింది. ఆ ఉన్ని, పట్టు తివాచీల పని తగ్గిపోయినా నూలు జంపఖానాలు నేసే మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి, 'వరంగల్ డర్రీ' పేరుతో వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాత తివాచీ కొనడం నేను వద్దంటాను. దుమ్ము, పురుగు, అలర్జీ అన్నీ దాంతోపాటు వస్తాయి. కొత్త నూలు జంపఖానా రెండువైపులా వాడొచ్చు, ఎండలో దులపొచ్చు, మొదటిసారి ఉప్పునీళ్లలో విడిగా ఉతికి రంగు చూసుకోవచ్చు. పాతదనం కావాలంటే కుర్చీ వీపు మీద ఒక నల్ల గొంగడి వేయండి. మన గొర్రెల ఉన్ని, మన కురుమల పని. కాస్త గరుకు, కానీ డిసెంబరు పొద్దున దాని కింద కూర్చుంటే లేవబుద్ధి కాదు.

దీపం, గడియారం, గ్రామఫోను

కందిలిలో గ్యాసునూనె పోసి హాల్లో వెలిగించొద్దు. ఎలక్ట్రీషియన్‌తో లోపల చిన్న హోల్డర్ పెట్టించి, పసుపు వెలుగున్న 2700 కెల్విన్ ఎల్‌ఈడీ వేయించండి. తెల్ల ట్యూబులైటు కింద టేకు బూడిదరంగులో, ఇత్తడి పాలిపోయి కనిపిస్తాయి. ఎంత మంచి సామాను తెచ్చినా ఆ వెలుగులో తేలిపోతుంది. ఖర్చు తక్కువ, తేడా ఎక్కువ ఇక్కడే.

గ్రామఫోను గురించి బాధతోనే చెప్తున్నాను. హైదరాబాద్‌లో ఒక దుకాణంలో 'నిజాం కాలం నాటిది' అంటే నమ్మి, ఆరు నెలలు దాచుకున్న డబ్బు పెట్టి ఇత్తడి బూర ఉన్న గ్రామఫోను కొన్నాను. ఇంటికొచ్చాక తెలిసినాయన ఒకరు చూసి, పెట్టె కొత్తది, బూర కొత్త రేకుది, లోపలి మోటారు ఏదో పాత పోర్టబుల్ పెట్టెలోంచి తీసిందని చెప్పారు. హెచ్‌ఎంవీ కంపెనీ కుక్క బొమ్మ లేబుల్ కూడా కొత్తగా అతికించిందే. ఇలా కలిపి చేసేవి మన దేశంలోనే చాలా తయారవుతున్నాయి. వాపసు తీసుకోమంటే తీసుకోలేదు. మెరిసే బూర, పదునైన చెక్కుడు పెట్టె, అరుగుదల లేని హ్యాండిల్ కనిపిస్తే వెనక్కి రండి. నిజమైనది దొరికినా అది అలంకరణ వస్తువు కాదు, పని. పాత 78 స్పీడు రికార్డులు లక్కతో చేసినవి, జారితే పగులుతాయి. స్టీలు ముల్లు ప్రతి పాటకూ మార్చాలి, లేకపోతే రికార్డు మీది గాడులు అరిగిపోతాయి. ఆ ఓపిక ఉన్నవాళ్లకే అది. మిగతావాళ్లకు పాత వాల్వు రేడియో పెట్టె చాలు, లోపల చిన్న స్పీకర్ పెట్టించుకోవచ్చు. పాత భాగాలు మాత్రం తీసిపారేయకుండా సంచిలో కట్టి అదే పెట్టెలో ఉంచండి. గోడ గడియారం బాగుచేసే మనిషి ఊర్లో ఉంటేనే కొనండి.

వీటిని మాత్రం ముట్టుకోవద్దు

మన జిల్లాల్లో పొలం దున్నితే శిల్పం బయటపడుతుంది. 'కాకతీయుల రాయి, తక్కువకు ఇస్తా' అని ఎవరైనా అంటే ఆ మాట అక్కడే ఆపేయండి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాలు, చిత్రాలు, లోహ విగ్రహాల లాంటివి పురావస్తువులు. వాటిని అమ్మడానికి లైసెన్సు ఉండాలి, విగ్రహాల లాంటివి ఇంట్లో ఉంటే నమోదు చేయించాలి. గుడిలోంచో, చెరువు గట్టు మీంచో లేపిన నాగశిల్పం మీ హాల్లో అందంగా ఉంటుందేమో, కానీ ఆ ఊరి దేవుడు ఆ ఊర్లోనే ఉండాలి. అమెరికాలో ఉన్న తమ్ముడికి, బిడ్డకు పంపాలనుకునేవాళ్లు ఇంకా జాగ్రత్త. వందేళ్లు దాటిన పురావస్తువులను మామూలు మనుషులు దేశం దాటించడం నేరం. అంత పాతది కాకపోయినా చూడ్డానికి అలా ఉన్న వస్తువుకు పురావస్తువు కాదని పురావస్తు శాఖ పత్రం తీసుకోవడం మంచిది.

దొరల గడీల్లో గోడలకు కనిపించే జింక కొమ్ములు, పులి చర్మాలు, ఏనుగు దంతపు పిడులు వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి. ఎంత పాతవైనా కొనకండి, అమ్మకండి.

ఒకేసారి అన్నీ కొనకండి

మా మూలకు రెండేళ్లు పట్టింది. ముందు వెలుగు మార్చాం, తర్వాత జంపఖానా, ఆ తర్వాత సందుగ, వానాకాలం పోయాక కుర్చీలు. చివరగా చేర్యాల పటం. తొందరపడి అన్నీ ఒకే నెలలో తెస్తే అది దుకాణం కిటికీలా కనిపిస్తుంది. బడ్జెట్ తక్కువైతే పాత కుర్చీ ఒకటి, షత్రంజీ ఒకటి, పసుపు దీపం ఒకటి చాలు. అద్దె ఇంట్లో ఉంటే గోడకు చిల్లులు పెట్టకుండా పటాన్ని సందుగ మీదే ఆనించండి, అదీ బాగుంటుంది.

గోడ మీద మా పెంబర్తి తాంబాళం ఒక్క మేకుకు వేలాడుతుంది. ఎంగిలిపూల నాడు దాన్ని దించి తడిగుడ్డతో తుడుస్తాం. తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మ దాని మీదే కూర్చుంటుంది. సద్దుల నాడు వేయి స్తంభాల గుడికి దాన్ని మా పెద్దమ్మాయి నెత్తిన పెట్టుకుని వెళ్తుంది. ఆ తొమ్మిది రోజులూ గోడ మీద ఉత్త మేకే ఉంటుంది, వచ్చినవాళ్లు ఇక్కడ ఏదో ఉండాలి కదా అని అడుగుతుంటారు.